ఒక్క మధ్యాహ్నంలో వచ్చిన భాష

ఇందుమతికి టెస్సా అనే కంప్యూటర్ భాష ఒక్క మధ్యాహ్నంలో వచ్చింది. మామూలుగా అయితే ఆరు నెలలు పట్టాలి.

బ్యాంకుల కోసం ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. కాలేజీ వదిలినప్పటి నుంచి ఎన్నో కంప్యూటర్ భాషలు నేర్చుకుంది. ఏ భాషైనా ఎలా పట్టుబడుతుందో ఆమెకు బాగా తెలుసు. మొదటి వారం ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. రెండో నెలలో తనంత మొద్దు లోకంలో లేదనిపిస్తుంది. ఆ తర్వాత ఎప్పుడో, బస్సులో కూర్చున్నప్పుడో పప్పు తాలింపు వేస్తున్నప్పుడో, ఉన్నట్టుండి ముడి వీడుతుంది. ఆ పాట్లన్నీ పడితేనే భాష మన సొంతమవుతుందని ఆమె నమ్మకం.

ఈసారి కంపెనీకి అంత ఓపిక లేకపోయింది. టెస్సా రానివాళ్లకు వచ్చే ఏడాది పని ఉండదని చెప్పి, నానక్‌రామ్‌గూడలో ఉన్న ఒక ల్యాబ్‌కు ఇందుమతితో కలిపి ఐదుగురిని పంపింది. అక్కడ పళ్ల డాక్టరు దగ్గర ఉండే కుర్చీలాంటిది ఒకటి ఉంది. డాక్టర్ యామిని అనే ఆవిడ ఇందుమతిని అందులో వెనక్కి వాలి పడుకోమని, నుదుటికి తడిగుడ్డలా చల్లగా ఉన్న పట్టీ కట్టి, "నిద్ర పట్టినా పర్లేదండీ" అంది. ఇందుమతి లేచేసరికి టీ వేళయింది. యామిని ఆమె ముందు లాప్‌టాప్ పెట్టి, వడ్డీ లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి రాయమంది.

వేళ్లు వాటంతటవే కదిలాయి. కొత్తదేదో రాస్తున్నట్టు లేదు. ఎప్పుడో మరిచిపోయినదాన్ని గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంది.

"ఇది ఎవరిదండీ?" అని అడిగింది ఇందుమతి.

"ఏది?"

"ఈ తెలివి."

యామిని నవ్వింది. "ఎవరిదీ కాదండీ. పుస్తకాల నుంచీ వేల ప్రోగ్రాముల నుంచీ మా కంప్యూటర్ అల్లిన నమూనా. మీ మెదడు దాన్ని తనదే అనుకుంటుంది, అంతే."

ఇందుమతికి ఆ జవాబు మింగుడు పడలేదు. పుస్తకాల చదువుకు అలవాట్లు ఉండవు కదా. తనకు కొత్తగా వచ్చిన ఈ చదువుకేమో అలవాట్లు ఉన్నాయి. కష్టమైన చోటు వస్తే చాలు, పెదాలు వాటంతటవే "మెల్లగ, మెల్లగ" అంటున్నాయి, ఎదురుగా కూర్చున్న పిల్లలకు చెబుతున్నట్టు. పక్క సీట్లో పనిచేసే నస్రీన్ కూడా ఆ కుర్చీలో పడుకున్నదే. ఒకరోజు ఆమె కూడా తెర వైపు చూస్తూ అచ్చం అదే గొంతుతో "మెల్లగ, మెల్లగ" అంటుంటే ఇందుమతి రాస్తున్నది ఆపి ఆమె వైపు తిరిగింది.

అంతకంటే వింత మరొకటి ఉంది. ఏ ప్రోగ్రాములోనైనా, నడుమ ఏదైనా తప్పు జరిగితే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే భాగం ఒకటి రాయాలి. టెస్సాలో అది రాయడం మొదలుపెట్టగానే ఆమె గుండె బరువెక్కేది. ఫినాయిల్ వాసన వచ్చేది. పొడుగాటి వరండా ఒకటి, దాని చివర మూసి ఉన్న తెల్ల తలుపు కనిపించేవి. ఆ తలుపు వెనుక ఎవరో ఉన్నారు. తనకు ప్రాణమైన మనిషే. ఆ మనిషి పేరు సులు.

ఇందుమతికి సులు అనే పేరుగల వాళ్లెవరూ తెలియదు.

నస్రీన్‌ను క్యాంటీన్‌కు తీసుకుపోయి నెమ్మదిగా అడిగింది. నస్రీన్ చేతిలోని సమోసా అలాగే ఉండిపోయింది. "నాకొక్కదానికే పిచ్చి లేసిందనుకున్న అక్కా," అంది. "ఎర్రర్ల దగ్గరికి వస్తే చాలు, ఏడుపొస్తున్నది. ఇంట్ల అమ్మీకి గూడ చెప్పలే."

ఇంట్లో సంగతి ఒక ఆదివారం పొద్దున బయటపడింది. ఇందుమతి రెండు కప్పుల్లో చాయ్ పోసి, ముందు గదిలో పేపరు చదువుతున్న భర్తతో, "సులూ, చక్కెర తక్కువేసిన, చూస్కో" అంది.

భూమేశ్ పేపరు దించాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరు అతను. లైను ఎక్కడ తెగిందో వెతికి పట్టుకునేదాకా ఊరుకోని మనిషి.

"ఎవరు సులు?"

"నోరు జారింది."

"నోరు జారితే తెలిసిన పేరే వస్తది. ఎవరది?"

ఆమె ఉన్నదంతా చెప్పింది. భూమేశ్ చాయ్ అంతా తాగి కప్పు కింద పెట్టాడు. ఆ తర్వాత అన్నాడు: "కుర్చీల కూసుంటే భాష వస్తదంటే నమ్మిన. మనిషి గూడ వస్తదంటే ఎట్ల నమ్మాలె ఇందూ?"

ఆ రోజు నుంచి అతను ఆమె ఫోను చూడసాగాడు. ఆమెకు ఆ సంగతి తెలుసు. పెట్టిన చోట ఫోను ఉండేది కాదు. అయినా కోపం రాలేదు. తనూ అదే పని చేస్తోంది మరి, తన తలలో దొంగతనంగా తొంగి చూస్తూ ఎవరి గుర్తులున్నాయో వెతుకుతోంది.

ఆమె మళ్లీ ల్యాబ్‌కు వెళ్లి, తెల్ల తలుపు గురించీ ఆ పేరు గురించీ చెప్పింది. యామిని ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, చేతిలోని పెన్ను మూత పెట్టడం, తీయడం మొదలైంది.

"పని ఒత్తిడి వల్ల వచ్చే కలల్లాంటివండీ. వాటంతటవే పోతాయి." పెన్ను కింద పెట్టి అడిగింది. "ఈ పేరు ఇంకెవరికైనా చెప్పారా?"

కలకైతే ఆ ప్రశ్న అక్కర్లేదు. లిఫ్టులో దిగుతున్నప్పుడు ఇందుమతికి ఒక విషయం ఖాయమైంది. ఈ తెలివి, ఈ గుర్తులు ఎవరివో, ఆ మనిషి ఎక్కడో ఉన్నాడు.

అతన్ని వెతకడానికి ఆమెకు అడ్రసు అక్కర్లేకపోయింది. శనివారం అమీర్‌పేటలో బండి దిగగానే కాళ్లే దారి చూపించాయి. జిరాక్స్ షాపులు, హాస్టళ్ల బోర్డులు, కోచింగ్ ప్రకటనలు చేతిలో పెట్టే కుర్రాళ్లు దాటుకుంటూ ఒక సందులోకి తిరిగింది. భూమేశ్ వెంటే వచ్చాడు. తోడు కోసమని అన్నాడు. నిజానికి చూడటం కోసం వచ్చాడు. ఇరుకు మెట్లెక్కి ఒక క్లాసు గది ముందు ఆగారు. ఆ గదిలో ఆమె ఎన్నడూ అడుగు పెట్టలేదు, కానీ బోర్డు పక్కనున్న ఫ్యాను తిరగదని ఆమెకు తెలుసు.

టెస్సా చెబుతూ 'మెల్లగ, మెల్లగ' అనే సార్ గురించి ఆమె అడగబోతే, ఇన్‌స్టిట్యూట్ నడిపే పెద్దమనిషి సగం మాట వినగానే అందుకున్నాడు. "మీరనేది కనకాచారి సార్ గురించమ్మా. ఇరవై ఏండ్లు చెప్పిండు ఇక్కడ. టెస్సా కొత్తగా వచ్చినప్పుడు ఆయనంత బాగ చెప్పినోళ్లు లేరు. పోయిన ఎండాకాలం నుంచి క్లాసుల చెప్తా చెప్తా ఆగిపోవుడు మొదలైంది. బోర్డు దిక్కు చూసుకుంట నిలబడేటోడు. పాపం, తనకు తానే మానేసిండు."

బోరబండలో ఆయన ఇల్లు కూడా ఆమె ఎవరినీ అడగకుండానే కనుక్కుంది. గేటు గడియ పైకెత్తి, కొద్దిగా పక్కకు నెడితే తప్ప రాదు. ఆమె అలాగే తీసింది. భూమేశ్ దాన్ని చూశాడు.

"ఎన్నిసార్లొచ్చినవ్ ఈ ఇంటికి?" అన్నాడు మెల్లగా.

"ఇదే మొదటిసారి," అంది. అతను నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

తలుపు తీసిన ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఆమెను చూడగానే ఇందుమతికి ఎన్నాళ్ల నుంచో చూడాలనుకున్న మనిషి కనబడినట్టయింది. నోటి దాకా వచ్చిన 'సులూ' అన్న పిలుపును ఆపుకొని, దాని వెనుకే తట్టిన పూర్తి పేరుతో, "సులోచన గారేనా?" అంది.

"ఎవలు మీరు? ల్యాబోళ్లా?"

"కాదమ్మా. ల్యాబ్ కుర్చీలో కూర్చున్నదాన్ని."

లోపల కిటికీ దగ్గర ఒకాయన స్కూలు పిల్లల కంప్యూటర్ పుస్తకం మీద వేలు పెట్టి చదువుకుంటున్నాడు. వీళ్లను చూసి లేచి, మర్యాదగా కుర్చీలు జరిపాడు. "కూసోన్రి," అని, భార్య వైపు తిరిగి, "వీళ్లు మనకు తెలుసా?" అని అడిగాడు. ఆ అడగడంలో బెదురు ఉంది, తెలిసినవాళ్లే అయి ఉంటే తప్పు తనదవుతుందేమోనని.

ఇందుమతి వచ్చిన కారణం చెప్పింది. కనకాచారి శ్రద్ధగా విని, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "నేనే ఇచ్చినమ్మా. ఇచ్చినకొద్ది పెరిగేదే విద్య అంటరు. నేను ఇన్నేండ్లు ఎంతోమందికి చెప్పిన, ఎన్నడన్న తరిగిందా? గా మిషిన్ల గూడ గంతే అనుకున్న."

"మొదలు టెస్సా పోయింది," అంది సులోచన నిలబడే. "పోతే పోయిందనుకున్న. ఆయినెంక పాతయి గూడ పోవట్టినయ్. మా లగ్గం ఆయనకు యాదికున్నది. మా అత్త పోయింది యాదికున్నది. నడుమల తొర్రలు వడ్డయ్. అడిగితే నా మొకం దిక్కు చూస్తడు. ల్యాబోళ్లు రెస్టు తీస్కుంటే వస్తదన్నరు. వస్తలేదు." ఆమె చూపు ఇందుమతి మీద నిలిచింది. "గాని నా పేరు మీకెట్ల తెలిసింది? కంప్యూటర్ల నా పేరెందుకుంటది?"

"ఆస్పత్రి దగ్గర..." అని మొదలుపెట్టింది ఇందుమతి.

"ఏ ఆస్పత్రి?"

అప్పుడే, సులోచన ముఖం చూస్తుండగా, ఇన్నాళ్లూ మూసి ఉన్న ఆ తెల్ల తలుపు ఇందుమతి లోపల తెరుచుకుంది. తలుపు అవతల ఏముందో ఆమె చూసింది. రెండు అరచేతుల మీద ఒక బరువు తెలిసింది. ఆమెకు హాస్టల్లో చదువుకుంటున్న కొడుకున్నాడు, వాడు పుట్టినప్పటి బరువు ఆమెకు గుర్తే. ఇది అది కాదు. ఇది చాలా తక్కువ.

ఆమె కనకాచారి వైపు చూసింది. ఆయన ముఖంలో ఏమీ లేదు, కథ వినడానికి కూర్చున్న మనిషిలా ఉన్నాడు.

"నాకు సరిగ్గా గుర్తులేదమ్మా," అంది.

"యాదికున్నది నీకు. దాస్తున్నవ్," అంది సులోచన. "పోన్రి. మా ఇంటికి ఇంకెవ్వరు రావద్దు."

తిరుగుదారిలో ఎర్రగడ్డ దాటాక భూమేశ్ బండిని రోడ్డు పక్కన ఆపాడు. "ఏం దాస్తున్నవ్ చెప్పు. నాకన్న చెప్పు."

ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఏదో పట్టుకున్నట్టే ఉన్నాయి. అతను ఆ చేతులనే చూశాడు. వారాల తరబడి ఆమె మీద అతనికున్న అనుమానం అక్కడ, లారీల పొగలో, తీరిపోయింది.

"ఆమెకు చెప్పాలె," అన్నాడు.

"ఆయన దాచిండు గద. దాచుకున్నది నేనెట్ల చెప్పాలె?"

"దాచినాయన యాడున్నడు ఇందూ ఇప్పుడు?"

ముందు ల్యాబ్ సంగతి తేల్చుకోవాలని ఇందుమతి, నస్రీన్ కలిసి వెళ్లారు. కనకాచారి పేరు వినగానే యామిని తలుపు వేసి వచ్చి కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

"కొత్త భాష గాల్లో నిలబడదండీ. పాత భాషల మీద నిలబడుతుంది. ఆ పాతవి నేర్చుకున్న రోజుల్లో మనిషికి ఏం జరిగితే అది కూడా వాటికి చుట్టుకుని ఉంటుంది. మేం టెస్సా ఒక్కటే తీద్దామనుకున్నాం. వేర్లతో సహా వచ్చింది."

"నకలు తీస్తే అసలు ఎందుకు పోతున్నది?" అంది నస్రీన్.

"చదివిన ప్రతిసారీ అక్కడి అల్లిక కాస్త వదులవుతోంది. ఒకసారి రెండుసార్లయితే తెలియదు. మేం వంద దాటాం."

"ఎప్పుడు తెలిసింది మీకు?" అంది ఇందుమతి.

యామిని బల్ల వైపు చూసింది. "పదోసారికి. విశ్రాంతి ఇస్తే సర్దుకుంటుందనుకున్నాం."

"ఇచ్చారా విశ్రాంతి?"

యామిని పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది.

"పోనీ, మాలో ఉన్నది తీసి ఆయనలో పెట్టండి," అంది ఇందుమతి.

"తీయొచ్చు. అది ఆయన దగ్గర అతుక్కుంటుందని మాత్రం చెప్పలేను. మీ దగ్గర తరిగిపోతుందని చెప్పగలను. అప్పుడు అది ఎక్కడా ఉండదు."

ఐదుగురూ రాసి ఇచ్చిన ఫిర్యాదుతో వాళ్ల కంపెనీ ఆ కుర్చీతో తెగతెంపులు చేసుకుంది. పోలీసులు వచ్చి ల్యాబ్‌కు తాళం వేశారు. యామిని వాళ్లకు అన్నీ చెప్పిందని ఒకరు, ఏమీ చెప్పలేదని ఒకరు అన్నారు. కొన్నాళ్లకు వేరే ఊరి నుంచి అలాంటి ల్యాబ్ ప్రకటనే ఒకటి వచ్చింది, పేరు మారింది, కుర్చీ రంగు మారింది, 'ఒక్క మధ్యాహ్నంలో భాష' పోయి 'ఒక్క గంటలో భాష' అయింది. ఇందుమతి దాన్ని చూసి, ఈసారి ఎవరి ఇంట్లో తొర్రలు పడతాయో అనుకుంది. ఆ ప్రకటనను కూడా ఫిర్యాదుకు జత చేసి పంపింది. ఆఫీసులో ఎర్రర్ల భాగం ఎవరైనా తొందరగా రాసి పారేస్తే, వీళ్లకు ఏ తలుపూ కనబడలేదా అని వాళ్ల ముఖం వైపు చూడటం అలవాటైంది ఆమెకు.

దసరా సెలవులు అయ్యాక ఆమె మళ్లీ బోరబండ వెళ్లింది. చేతిలో లాప్‌టాప్ ఉంది. భూమేశ్ వెంట ఉన్నాడు. సులోచన తలుపు తీసి, ఈసారి పొమ్మనలేదు.

"సార్‌కు టెస్సా చెప్తానమ్మా," అంది ఇందుమతి. "కుర్చీ లేకుండా. మొదటి నుంచి, మామూలుగా. ఆరు నెలలు పట్టనీ, ఏడాది పట్టనీ."

"దానికేమొచ్చెగని, లోపటికి రా," అంది సులోచన. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎదురుగా పీట వేసుకుంది. "నువ్వు పోయినప్పటి సంది నాకు నిద్ర లేదు. ఆస్పత్రి అన్నవ్. మా బతుకుల ఆస్పత్రి అంటే ఒక్కటే. నాకు ఏడో నెలల నొప్పులొచ్చిన ఆస్పత్రి. ఈయన బయట కూసొని కంప్యూటర్ బుక్కు చదువుకున్నడని మా అక్క చూసొచ్చి చెప్పింది. నా పానం పోతుంటే బుక్కు చదివిండని నేను ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్న. చెప్పు. ఏమున్నది నీ తలకాయల?"

కనకాచారి కిటికీ దగ్గర నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పుస్తకం చేతిలో ఉందమ్మా," అంది ఇందుమతి. "ఒక్కటే పేజీ. ప్రోగ్రాములో తప్పు జరిగితే ఏం చేయాలో చెప్పే పేజీ. తిప్పలేదు. మొదటి వాక్యం నుంచి మళ్లీ మళ్లీ చదివారు. చదవడం ఆపితే తలుపు వెనుక మీరు పోతారని భయం. అందుకే ఆ పేజీ ఆయనకు అంత గట్టిగా వచ్చింది. నాకు కూడా."

సులోచన పీట ముందుకు జరుపుకుంది.

"తర్వాత నర్సు పిలిచింది. లోపలికి వెళ్లారు. మీకు మత్తు ఉంది. పాపను ఆయన చేతుల్లో పెట్టారు." ఇందుమతి ఆగింది. ఇక్కడి నుంచి చెప్పడం తన హక్కు కాదనిపించింది. గుమ్మంలో ఉన్న మనిషిని చూసింది. ఆయన చెప్పమన్నట్టు తలూపాడు. "పాప బతికే ఉంది. కాసేపు. ఒక్కసారి ఏడ్చింది. కళ్లు తెరిచింది. ఆయన ఎత్తుకునే ఉన్నారు, అయిపోయేదాకా. మీకు తెలిస్తే తట్టుకోలేరని, పుట్టకముందే పోయిందని చెప్పమని డాక్టరును ఆయనే బతిమాలుకున్నారు."

పక్కింట్లో కుక్కరు కూత వేసింది.

"నేను విన్న," అంది సులోచన. "ఏడుపు విన్న నేను. ఒక్కపారే. అడిగితే 'మత్తుల ఉన్నవ్, కలగన్నవ్' అన్నడు. మా అక్క గూడ గంతే అన్నది. అప్పటి సంది నన్ను నేనే నమ్ముకోలే."

కనకాచారి కళ్లు తుడుచుకున్నాడు. "నేను గట్లన్ననా?" అని అడిగాడు. "పెద్ద తప్పు జేసిన గద సులోచనా."

సులోచన లేచి వంటింట్లోకి పోయింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. తువ్వాలలో బియ్యం పోసి, కొసలు దగ్గరికి చేసి తెచ్చి, ఇందుమతి చేతుల్లో పెట్టింది.

"ఇంతుండెనా?"

ఏమడుగుతోందో ఇందుమతికి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అరచేతులు కదిలించి చూసింది. "ఇంకా ఎక్కువ," అంది.

సులోచన పోయి గుప్పెడు బియ్యం తెచ్చి కలిపింది. "ఇప్పుడు?"

"ఇంకొంచెం."

మరో గుప్పెడు. మరొకటి. భూమేశ్ లేచి, డబ్బానే తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఇందుమతి కళ్లు మూసుకుంది. సులోచన ఈసారి గుప్పెడు పోసి, చేయి ఆపి చూసింది.

"ఇంతే," అంది ఇందుమతి. "ఇంతే ఉంది."

సులోచన తువ్వాల కొసలు ముడివేసి, మూటను తన చేతుల్లోకి తీసుకుంది. నేల మీద కూర్చుంది. ఒక చేయి కింద ఆనించి, రెండో చేయి పైన పెట్టింది. ఏడవలేదు. బరువు చూస్తోంది.

కనకాచారి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "ఆడపిల్లనా?" అని అడిగాడు.

"ఆడపిల్లే," అంది ఇందుమతి.

"పేరేమన్న పెట్టినమా?"

సులోచన తలెత్తి ఇందుమతి వైపు చూసింది. ఆయన మనసులో ఏ పేరైనా అనుకుని ఉంటే అది ఇప్పుడు ఈమెకే తెలియాలి. ఇందుమతి వెతికింది. వరండా, ఫినాయిల్, పుస్తకంలోని పేజీ, తలుపు, ఒక్క ఏడుపు, తెరుచుకున్న కళ్లు. పేరు లేదు. ఆయనకు అంత వ్యవధి దొరకలేదు.

"లేదు సార్," అంది. "పెట్టలేదు."

"అయితే ఇప్పుడు పెడదాం," అని ఆయన భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. సులోచన కాసేపు చూసి, మూటను కొద్దిగా ఆయన వైపు జరిపింది.